అరకిలో గీత

నాచారంలో కామాక్షి కొట్టు షట్టరు ముందు, ఏడు ఖాళీ అట్టపెట్టెలు పేర్చుకుని మెట్టు మీద కూర్చున్న ఒక స్త్రీ దగ్గర పోయినవారం మనం ఆగాం. పెట్టెలన్నీ కామాక్షి కొట్టు నుంచి వెళ్ళినవే. మీద అతికించిన చీటీల్లో ఉన్నది కామాక్షి చేతిరాతే. పంపిన పెట్టెలు ఖాళీగా వెనక్కి రావడం ఆమె ఇంతవరకూ చూడలేదు.

కామాక్షిది రేపల్లె. భర్త గిరిప్రసాద్‌కి నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగం కావడంతో ఇక్కడికి కాపురానికొచ్చింది. చేతిపనులకి కావలసిన సామాను అమ్ముతుంది. పట్టుదారం రీళ్ళు, పూసలు, కుందన్లు, రంగులు, బంకసీసాలు అన్నీ ఆ ఒక్క మడిగెలోనే. నిరుడు అక్క కొడుకు గౌతమ్ వెబ్‌సైటు ఒకటి తయారుచేసి ఇచ్చిన దగ్గర్నుంచి రాష్ట్రం నలుమూలల నుంచీ ఆర్డర్లు వస్తున్నాయి. "కొరియర్ ఖర్చు ఎంత పెట్టమంటావు పిన్నీ?" అని వాడు అడిగితే ఆమె రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. ఎవరికైనా తొంభై రూపాయలు. పదిహేనువందలు దాటి కొంటే ఉచితం. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే మాట పడకూడదని ఆమె పట్టుదల. అలా పెట్టినందుకు మనసులో కొంచెం గర్వం కూడా ఉండేది.

"ఎవరండీ మీరు? ఈ పెట్టెలేంటి?" అంది తాళంచెవులు చేతిలో పట్టుకునే.

ఆ స్త్రీ లేచి నిలబడింది. నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి, ప్రయాణంలో నలిగిన నూలు చీర.

"నా పేరు తారామణి, మేడం. మాది నర్సంపేట. మీ తాన పట్టుదారం తెప్పిచ్చుకుంటం. చీకటితోనే బస్సెక్కిన. ఉప్పల్ల దిగి షేర్ ఆటోల వచ్చిన."

కామాక్షికి పేరు గుర్తొచ్చింది. నెలకి రెండుసార్లు వచ్చే ఆర్డరు. ఎప్పుడూ ఆరు రీళ్ళే. రంగులు మాత్రం మారుతుంటాయి.

"దారంలో ఏమైనా తేడా వచ్చిందా?"

"దారం మంచిగుంది. లొల్లి పెట్టుకోనీకి రాలే మేడం. ఒక్క సంగతి సమజైతలేదు. ఫోన్ల అడిగితే తెగేది కాదని ఇట్ల వచ్చిన."

గొడవకి వచ్చినవాళ్ళతో ఎలా మాట్లాడాలో కామాక్షికి తెలుసు. తెలుసుకోవడానికి నూట పది మైళ్ళు వచ్చిన మనిషితో ఏం మాట్లాడాలో తోచలేదు. షట్టరు ఎత్తి, లోపలికి పిలిచి, స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చింది.

ఆ సరికి బిక్షపతి వచ్చాడు. కొట్టులో ప్యాకింగు అతని పనే. యాభై అయిదేళ్ళ మనిషి, జనగామ వైపువాడు. మూతబడిన ఒక మందుల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు ప్యాకింగు విభాగంలోనే చేశాడు. మాట తక్కువ. వస్తూనే ఖాళీ పెట్టెల్ని చూసి, ఏమీ అడక్కుండా ఒకదాన్ని తిప్పి అడుగున తను వేసిన టేపుని వేలితో తడిమి చూసుకున్నాడు.

తారామణి పైన ఉన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"మొన్నటి ఆర్డర్ది గిది. ఆరు రీళ్ళొచ్చినయి. మా కిరాణం దుకాణంల తూకం ఏపిచ్చిన. రీళ్ళు నూటిరవై గ్రాములు. ఖాళీ డబ్బ, లోపల కుక్కిన పేపర్లు కలిపి రెండొందల పది. దారం కన్న డబ్బనే బరువుంది. మరి నేను తొంభై రూపాలు కట్టింది దారానికా, డబ్బకా?"

"అది అలా కాదండీ," అంది కామాక్షి. ఈ జవాబు ఆమె దగ్గర తయారుగానే ఉంది. "కొరియర్ వాళ్ళ లెక్క అరకిలోతో మొదలవుతుంది. అందులో వంద గ్రాములున్నా, అయిదొందలున్నా వాళ్ళు తీసుకునేది ఒకటే. అందుకని నేనూ అందరికీ ఒకటే పెట్టాను. మీకొకటి, ఇంకొకరికొకటి అని ఎప్పుడూ చెయ్యలేదు."

తారామణి ఆ మాటలు విని ఊరుకోలేదు, కోప్పడలేదు. పెట్టె లోపలికి చూస్తూ కాసేపు ఆలోచించింది.

"అంటే అర్ధకిలో జాగ నేను కొన్న. అండ్ల నా మాల్ పావు వంతు గూడ లేదు. మిగిలిన జాగ ఉత్తగనే నర్సంపేట దాక వచ్చింది. అట్లనే గదా?"

"ఒక రకంగా అంతే."

"ఆ జాగ ఉన్నదని నాకెవ్వలన్న జెప్తే, ఇంక ఎనిమిది రీళ్ళు అదే తొంభైకి తెప్పిచ్చుకునేదాన్ని. ఏడుసార్లు తెప్పిచ్చిన. మూడు సార్లకే అయిపోయేది."

కామాక్షి పెట్టెని తనవైపు తిప్పుకుని లోపలికి చూసింది. ఏడాదిగా ఈ పెట్టెలు ఆమె చేతుల మీదుగానే వెళ్తున్నాయి. చీటీలు రాసింది, అతికించింది, కొరియరు మనిషికి అందించింది. లోపల ఎంత చోటు మిగిలిందని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు.

తారామణి తన సంగతి చెప్పింది. నర్సంపేటలో ఆమె కుట్టుపని నేర్పే టీచరు. నాలుగునెలల నుంచి నలభై మంది ఆడవాళ్ళకి పట్టుదారం గాజులు చుట్టడం నేర్పుతోంది. పెళ్ళిళ్ళకి చీర రంగు చూపించి అదే రంగులో గాజులు కావాలని అడుగుతున్నారట. ఏ రంగు అయిపోతే ఆ రంగు తెప్పించడం, తెప్పించినప్పుడల్లా తొంభై.

"దారం కన్న దారి ఖర్చే ఎక్కువైతున్నదని మావోళ్ళు ఒకటే గోల. నిన్న అందరు కూసోని, ఇంకీడ వద్దు, నెలకోసారి హోల్‌సేల్ మాల్‌కు బేగంబజార్‌కే పోదామన్నరు. నేనే ఆగుమన్న. ఒకపారి పోయి అడిగొస్త, ఆమె ఏమంటదో ఇని అప్పుడు సూద్దామన్న."

నలభై మంది. కామాక్షి ఇన్నాళ్ళూ ఆ ఆర్డరు ఒక్క మనిషిదే అనుకుంది.

అప్పటిదాకా మూల నిలబడ్డ బిక్షపతి గొంతు సవరించుకున్నాడు.

"ఈమె జెప్పేది నిజమే అమ్మా. దారానికి డబ్బ అక్కెరలేదు. మందం కవర్ల పెట్టి, నడుమ ఒక అట్ట ఏస్తే సాలు. కవరు, అట్ట కలిపి నలభై గ్రాములు గూడ రావు."

కామాక్షి అతని వైపు తిరిగింది. "మీకు ఇదంతా ముందే తెలుసా?"

"ఎర్కనే."

"మరి చెప్పలేదేం?"

"మీరు మల్లాపూర్ నుంచి ఒకటే సైజు డబ్బలు ఐదొందలు దెప్పిచ్చిన్రు. డబ్బలు ఉన్నయి గదా అని ఏసిన. మీరు అడగలే, నేను జెప్పలే." ఇంకేదో ఒప్పుకుంటున్నట్టు అన్నాడు. "ఇంకోటి గూడ ఉన్నదమ్మా. కొన్ని పార్సిళ్ళు అర్ధకిలో మీద పది, ఇరవై గ్రాములు జాస్తి వస్తయి. ఆ ఇరవై గ్రాములకు కొరియరోళ్ళు ఇంకో అర్ధకిలో ఏస్తరు. అందుకని లోపలి మడతలు కత్తిరిస్త. బయటికి కానరాదు. అర్ధకిలో గీతకు లోపలికి వస్తది."

ఏడాదిగా తన కొట్టులో తనకి తెలియకుండా ఒక మనిషి పెట్టెల రెక్కలు కత్తిరిస్తూ వచ్చాడు. కామాక్షికి కోపం రాలేదు. ఇంకా ఏమేం తెలియదో అన్న ఆత్రం పుట్టింది. గోడవారగా ఆ రోజు సాయంత్రం నాలుగింటికి కొరియరు మనిషి తీసుకువెళ్ళాల్సిన పార్సిళ్ళు పద్నాలుగు ఉన్నాయి.

"అన్నీ ఇలా తీసుకురండి. తూద్దాం," అంది.

పూసలు తూచే చిన్న కాటా బల్ల మీదికి వచ్చింది. బిక్షపతి పెట్టెలు పెడుతుంటే కామాక్షి అంకె చదివింది. తారామణి తన సంచిలోంచి దర్జీ సుద్ద తీసి ప్రతి పెట్టె మీదా ఆ అంకె వేసింది. తర్వాత ముగ్గురూ కలిసి వాటిని గచ్చు మీద తేలికవి ఇటు, బరువైనవి అటు వరసగా పెట్టారు. అయిదొందల గ్రాములు ఎక్కడ వస్తాయో అక్కడ తారామణి వంగి నేల మీద అడ్డంగా ఒక గీత గీసింది.

కామాక్షి నడుం మీద చేతులు పెట్టుకుని ఆ వరసని చూసింది. గీతకి ఇవతల పదకొండు ఉన్నాయి. వాటిలో తొమ్మిది మూడొందల గ్రాములు కూడా లేవు. ఉట్నూరుకి వెళ్ళే పార్సిల్లో ఉన్నది సూదుల పొట్లం, రెండు దారాలు. పాలకొండకి వెళ్ళేదాంట్లో కాగితాలు. గీతకి అవతల మూడే ఉన్నాయి. వాటిలో రెండు ఒక కిలో లోపువే. చివరిది మాత్రం కాటా మీద పట్టక, ఇంటి నుంచి పెద్ద కాటా తెప్పించి తూస్తే రెండు కిలోల ఎనిమిదొందలు వచ్చింది. రాతిపూసలు, బంకసీసాలు. ధనశ్రీ అనే ఆవిడ పేరు మీద హబ్సిగూడకి వెళ్ళే పార్సిలు అది.

"గిదానికెంత కట్టిన్రు?" అని అడిగింది తారామణి.

"ఏమీ లేదు. పదిహేనువందలు దాటింది కాబట్టి ఉచితం."

"హబ్సిగూడ అంటే నేను ఇందాక ఆటోల దాటొచ్చిన జాగనేనా?"

"అదే."

ఇక్కడి నుంచి మూడు మైళ్ళు లేని హబ్సిగూడ పెట్టె ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. కొట్టు పెట్టుకుంటోందని కామాక్షి ఇన్నాళ్ళూ అనుకుంది. కానీ కొట్టుకి ఆ సొమ్ము వచ్చేది ఇటువైపు ఉన్న తేలిక పొట్లాల మీద మిగిలిన దాంట్లోంచే. ఉట్నూరు సూదులు, పాలకొండ కాగితాలు, నర్సంపేట దారం కలిసి హబ్సిగూడ రాతిపూసల్ని మోస్తున్నాయి. అందరికీ ఒకటే అని తను గర్వపడ్డ మాట ఆ గచ్చు మీద చూస్తే ఒకటిగా లేదు.

"నేను న్యాయమే చేస్తున్నాననుకున్నానండీ," అంది మెల్లగా.

"అనుకునే పెట్టిన్రు మేడం. ఎవ్వలు కాదన్నరు?" అంది తారామణి. "నేను గూడ మొదాల పిల్లలందరికి ఒకటే కొలత జాకెట్టు కుట్టుడు నేర్పిన. అందరికి ఒకటే గదా అని. ఒక్కదానికి గూడ సరిపోలే."

కామాక్షికి నవ్వొచ్చింది. బిక్షపతి కూడా నవ్వాడు. అతను నవ్వడం ఆమె చూడటం అరుదు.

అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా ముగ్గురూ ఆ గీత చుట్టూనే తిరిగారు. కామాక్షి ముందు గ్రాముకింత అని పెడదామంది. కొరియరు వాళ్ళు అరకిలోల్లో తీసుకుంటుంటే గ్రాముల్లో ఎలా అడుగుతామని బిక్షపతి కాదన్నాడు. చివరికి తేలింది ఇది. దారం, సూదులు, కాగితం లాంటివి కవర్లో పెట్టి రిజిస్టర్డు పోస్టులో పంపాలి, దాని ఖర్చు సగం కూడా ఉండదు. కొరియర్లో వెళ్ళేదానికి ఎన్ని అరకిలోలైతే అంత, చిన్న ఆర్డరైనా పెద్ద ఆర్డరైనా. ఉచితం అన్నది తీసెయ్యాలి. దగ్గరవాళ్ళు కొట్టుకొచ్చి తీసుకువెళ్తే ఏమీ కట్టనక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆర్డరు పెట్టేటప్పుడే వాళ్ళకి గీత ఎక్కడుందో, ఇంకా ఎంత చోటు మిగిలిందో చెప్పాలి.

"ఎట్ల జెప్తరు?" అంది తారామణి.

"సైటులో గౌతమ్ పెడతాడు. వాడు పెట్టేదాకా నేను ఫోన్ చేసి చెప్తాను." ఆ మాట అన్నాక ఇవాళే ఎందుకు చెయ్యకూడదనిపించింది. ఫోన్ తీసి, పెట్టెల మీద ఉన్న నంబర్లకి వరసగా చెయ్యడం మొదలుపెట్టింది.

ఉట్నూరులో కావ్య అనే అమ్మాయి ఎత్తింది. "మీ పార్సిల్లో ఇంకా రెండొందల గ్రాముల చోటుందండీ. అదే ఖర్చులో ఇంకేమైనా పెట్టించుకుంటారా?" అని అడిగితే ఆ అమ్మాయి నమ్మలేదు. ఇదేదో లాటరీ ఫోను అనుకుని పెట్టేసింది. రెండు నిమిషాలకి తనే తిరిగి చేసింది. "మేడం, జర నిజం జెప్పున్రి. ఎర్ర పూసలు రెండు పాకెట్లు పడ్తయా?" పడతాయని బిక్షపతి చెయ్యి ఊపాడు. పాలకొండలో కాగితాలు తెప్పించుకునే టీచరుగారైతే తన ఆర్డరు కొరియర్లో వద్దు, పోస్టులోనే పంపమని, మిగిలిన డబ్బుకి ఇంకో కాగితాల కట్ట వెయ్యమని చెప్పింది. చెప్పి, ఇన్నాళ్ళూ ఈ సంగతి అడగాలనుకున్నానని, ఏమనుకుంటారో అని అడగలేదని అంది. కామాక్షికి ఆ మాట గుచ్చుకుంది.

తారామణికి బిక్షపతి స్వయంగా ప్యాక్ చేసి చూపించాడు. కవరు, అట్ట పోగా అరకిలో గీతకి లోపల ఇరవై మూడు రీళ్ళు పట్టాయి. ఆమె కాటా మీద అంకె చూసింది. కవరు తీసి పెట్టి మళ్ళీ తూచి మళ్ళీ చూసింది.

"ఇగ బేగంబజార్ మాట ఎవ్వలెత్తరు," అంది. "మావోళ్ళకు ఈ గీత సంగతి జెప్త. రంగులన్ని ఒక్కపారే రాసుకుంటం. మంచిగనిపిచ్చింది అక్కా, ఇంత దూరం వచ్చినందుకు."

మేడం అన్న మనిషి అక్కా అన్నది కామాక్షి గమనించింది. మధ్యాహ్నం భోజనం చేస్తే గానీ కదలనివ్వనని కూర్చోబెట్టి తన టిఫిన్ డబ్బా ముగ్గురికీ పంచింది.

ఇక ఒక్క ఫోనే మిగిలింది. ఆ ఒక్కటీ చెయ్యడానికి ఆమె వెనకాడుతోంది. హబ్సిగూడ ధనశ్రీ కొట్టులో అందరికన్నా పెద్ద ఖాతాదారు. అయిదు నెలలుగా ప్రతి సోమవారం తప్పకుండా ఆర్డరు. ఆ ఆర్డర్లు లేకపోతే మడిగె అద్దెకే కష్టం. ఉచితం తీసేశామంటే ఆవిడ ఇంకో కొట్టు చూసుకోవచ్చు.

"అందరికి జెప్పి ఆమెకు జెప్పకుంటే ఎట్ల?" అంది తారామణి.

కామాక్షి నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక మగ గొంతు పలికింది.

"ధనశ్రీ గారు ఉన్నారాండీ? నాచారం నుంచి, చేతిపనుల సామాను కొట్టు నుంచి మాట్లాడుతున్నాను."

"ధనశ్రీ అని ఇక్కడెవరూ లేరమ్మా. ఇది మగపిల్లల హాస్టలు. నేను పరంధామయ్యని, నాదే ఈ హాస్టలు."

"మరి ఆ పేరుతో ప్రతివారం పార్సిళ్ళు వస్తున్నాయి కదండీ?"

"వస్తున్నాయి. తీసుకుని మెట్ల కింద పెట్టిస్తున్నా. ఇరవై అయ్యాయి. ఒక్కటీ ఇంతవరకు ఎవరూ తెరవలేదు. మా పిల్లలు సైకిళ్ళు పెట్టుకోవడానికి చోటు లేదని గొణుగుతున్నారు."

కామాక్షి చీటీ మీద చిరునామా మళ్ళీ చూసింది. "అవి తీసుకోమని మీకెవరు చెప్పారండీ?"

ఆయన గొంతు మారింది. "మీరు... కామాక్షి గారాండీ?"

"అవును."

"అయితే ఈ సంగతి మీకు గిరిప్రసాద్ చెప్పాలమ్మా. నేను చెప్పడం బాగుండదు," అని ఫోను పెట్టేశాడు.

నాలుగింటికి కొరియరు మనిషి వచ్చి పెట్టెలు సంచిలో వేసుకుంటూ, చివరి బరువైన పెట్టె మీద చెయ్యి వేశాడు. "అది వద్దు. నేనే తీసుకెళ్తా," అంది కామాక్షి. కొట్టు బిక్షపతికి అప్పగించింది. ఉప్పల్లో బస్సెక్కాల్సిన తారామణిని వెంటబెట్టుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంతల దగ్గర ఆటో కుదిపినప్పుడల్లా పెట్టె కదలకుండా తారామణి ఒక చెయ్యి అడ్డం పెట్టింది.

సగం దారిలో ఫోను మోగింది. గిరిప్రసాద్.

"ఎక్కడున్నావు?" అన్నాడు.

"హబ్సిగూడ వస్తున్నా. ధనశ్రీ గారికి పార్సిలు ఇవ్వడానికి."

"పరంధామయ్య ఇప్పుడే ఫోన్ చేశాడు. నాతో ఫ్యాక్టరీలో పనిచేసినవాడే. కామాక్షీ, ఆ ఆర్డర్లు పెట్టింది నేనే."

"ఎందుకు?"

"వినాయకచవితి అప్పుడు వరసగా మూడువారాలు ఒక్క ఆర్డరూ రాలేదు. కొట్టు మూసేస్తానన్నావు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. అది చూడలేకపోయా."

ఆమెకి ఈ మనిషి మీద ప్రేమ, తన కొట్టు మీద ఇన్నాళ్ళూ పెంచుకున్న నమ్మకం కూలిన బాధ రెండూ ఒకేసారి వచ్చాయి. పక్కన కూర్చున్న తారామణి చేతుల వైపు చూసింది. సూదిపోట్లతో వేళ్ళ కొసలు గరుకుదేలి ఉన్నాయి.

"మీరు ఉచితంగా తెప్పించుకున్న పెట్టెల్ని ఎవరు మోశారో తెలుసా?" అంది. "నర్సంపేటలో గాజులు చుట్టుకునేవాళ్ళు. ఉట్నూరులో సూదులు కొనుక్కునేవాళ్ళు. ఇవాళే నాకు తెలిసింది."

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక అప్పుడు ఆమెకీ లేదు. ఇంకో ప్రశ్న అప్పటికే తలలో తిరుగుతోంది. ఆయన జీతంలో ఇంటి అద్దె, పాలు, కూరలు పోగా ఏం మిగులుతుందో ఆమెకి తెలుసు.

"వారం వారం అంత సొమ్ము మీకెక్కడిది?"

"అదే చెప్పడానికి చేశా. ఆర్డరు పెట్టింది నేను. కట్టింది నేను కాదు." గిరిప్రసాద్ గొంతులో తొందర వినిపించింది. "ఎవరన్నది ఫోన్లో చెప్పే సంగతి కాదు. నువ్వు గేటు దగ్గరే ఆగు. నేను అరగంటలో వచ్చేస్తా. అప్పటిదాకా లోపలికి మాత్రం వెళ్ళకు."

ఆటో హబ్సిగూడలో హాస్టలు ముందు ఆగింది. గేటు తీసే ఉంది. మెట్ల కింద ఇరవై పెట్టెలూ గోడకి ఆనించి కనిపిస్తున్నాయి. వాటి ముందు వంగి, పైన ఉన్న పెట్టెకి వేసిన టేపుని ఎవరో మెల్లగా ఊడదీస్తున్నారు.

కామాక్షి ఆగలేదు.